5 లక్షల 85 వేల సోలార్ కొటేషన్, బ్యాటరీతో సహా. ఒప్పుకోవచ్చా?

కొరిటెపాడు_శ్రీను
డాబా మీద సోలార్ పెట్టిద్దామని ఒకతన్ని పిలిచా. పైకెక్కి ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి, టీ తాగి వెళ్లి, సాయంత్రానికల్లా వాట్సాప్‌లో కొటేషన్ పంపాడు. ఒక్కటే పేజీ. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నా.

5 కిలోవాట్ హైబ్రిడ్ సిస్టమ్, అంటే కరెంటు లైనుకీ బ్యాటరీకీ రెంటికీ కలిపేది. 540 వాట్ ప్యానెళ్లు 10. "10 కేడబ్ల్యూ లిథియం బ్యాటరీ". స్ట్రక్చర్, వైరింగ్, నెట్ మీటర్ ఖర్చులు అన్నీ అందులోనే. జీఎస్టీ 13.8 శాతం వేసి మొత్తం 5,85,000. సబ్సిడీ 78,000 పోను 5,07,000. అడ్వాన్స్ 70 శాతం. వారంటీ 25 ఏళ్లు. కింద ఎర్ర అక్షరాల్లో "కరెంటు బిల్లు సున్నా, 4 ఏళ్లలో పెట్టుబడి వాపసు".

శుక్రవారం లోపు చెప్తే ఇంకో 10 వేలు తగ్గిస్తాట్ట. మా ఆవిడేమో "ఆ 5 లక్షలు బ్యాంకులో వేసుకుంటే వడ్డీతోనే బిల్లు కట్టుకోవచ్చుగా" అంటోంది. నా దగ్గర సమాధానం లేదు. పెట్టించుకున్నవాళ్లు కాస్త చెప్పండి.

కరెంటోడు_పటమట
ముందు ఇవి చెప్పండి. ఏ నెల ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి? కాంట్రాక్ట్ లోడ్ ఎంత? సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? కరెంటు ఎంతసేపు పోతోంది? ప్యానెల్ ఏ కంపెనీ, ఏ మోడల్? ఇవేవీ అడక్కుండా రేటు వేశాడంటే అది మీ ఇల్లు చూసి ఇచ్చింది కాదు, మీ వాలకం చూసి ఇచ్చింది.

బందరురోడ్_బుజ్జి
టీకే 5.85 అంటే కాఫీ ఇచ్చుంటే 6 దాటేసేది.

కొరిటెపాడు_శ్రీను
పాత బిల్లులన్నీ తీశా. మేలో 560, జూన్‌లో 510, డిసెంబర్‌లో 230, జనవరిలో 225. 12 నెలలకి మొత్తం 4,560 యూనిట్లు. కాంట్రాక్ట్ లోడ్ 3 కిలోవాట్లు, సింగిల్ ఫేజ్. కరెంటు పోతే అరగంట, గంట. గాలివాన రోజున మాత్రం 3, 4 గంటలు. ఇంట్లో ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి, కొని 3 ఏళ్లు. ప్యానెల్ కంపెనీ ఏదని ఫోన్ చేసి అడిగితే "టాప్ బ్రాండ్ సార్" అన్నాడు.

మిర్చియార్డ్_మస్తాన్
మా యార్డులోనూ అంతే, అడిగితే అన్నీ తేజా రకం మిర్చే. బస్తా కోస్తేగానీ తెలీదు.

లెక్కల_సుబ్బు
శ్రీను గారూ, మీ ఆవిడ లెక్క కరెక్టు. ఎందుకో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి.

మీరు ఏడాదికి 4,560 అన్నారు, అంటే నెలకి సగటున 380. మన స్లాబులు తెలుసుగా: మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఈ లెక్కన 380 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీ 2,373. ఆ సర్దుబాటు, ఈ డ్యూటీ కలుపుకుని ఏడాదికి 32 వేలు అనుకుందాం. బిల్లు మొత్తం మాయమైపోయినా 5,07,000 రాబట్టడానికి 15 ఏళ్లు దాటుతుంది. 4 ఏళ్లు ఎక్కడినుంచి ఊడిపడ్డాయి?

ఇక్కడినుంచి. మన దగ్గర 1 కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకి 4 యూనిట్ల దాకా ఇస్తాయి. 550 వాట్లవి 6 పెడితే 3.3 కిలోవాట్లు, ఏడాదికి 4,500 నుంచి 4,800 యూనిట్లు. అంటే మీరు కాల్చేది సరిగ్గా అంతే. బ్యాటరీ లేకుండా ఇది 2 లక్షల అటూ ఇటూలో అవుతుంది. మొన్న మా బావమరిదికి వచ్చిన కొటేషన్ 2,05,000. సబ్సిడీ పోను 1,27,000. ఏడాదికి 28 వేలు మిగిలినా నాలుగున్నర ఏళ్లలో వచ్చేస్తాయి.

చూశారా? 4 ఏళ్లన్న మాట బ్యాటరీ లేని 3 కిలోవాట్లది. రేటేమో బ్యాటరీ ఉన్న 5 కిలోవాట్లది. రెండూ ఒకే కాగితం మీద పెట్టాడు.

పైగా 5.4 కిలోవాట్లు పెడితే ఏడాదికి 7,500 పైనే వస్తాయి, మీకు కావాల్సింది 4,560. మిగిలింది డిస్కంకి, అంటే కరెంటు సరఫరా సంస్థకి పోతుంది, దానికి మీరు కట్టే 8.75 రాదు.

లక్ష్మీపురం_అక్క
సబ్సిడీ సంగతి కూడా చెప్పు సుబ్బూ.

లెక్కల_సుబ్బు
అవునక్కా, మర్చిపోయా. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్‌లో మొదటి 2 కిలోవాట్లకి 30 వేలు చొప్పున, మూడోదానికి 18 వేలు. మొత్తం 78 వేలు. ఆపైన 5 పెట్టినా 10 పెట్టినా అంతే. అంటే నాలుగో కిలోవాట్ నుంచి మన సొంత డబ్బే. బ్యాటరీకి కేంద్రం సబ్సిడీ పైసా లేదు.

సింగ్‌నగర్_బాబు
సుబ్బు గారి లెక్కలు బానే ఉన్నాయి గానీ అన్నీ రూపాయల్లోనే తూయకండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు మా వీధిలోకొచ్చినప్పుడు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మాకు తెలుసు. ఫోన్‌లో ఛార్జింగ్ లేదు, పడవ ఎటు వస్తోందో కనుక్కోడానికి లేదు, మోటారు లేదు, పై ట్యాంకులో నీళ్లు రెండో రోజుకే ఖాళీ. పక్కవీధిలో ఒకాయనకి హైబ్రిడ్ ఉంది. వీధంతా ఆయన మేడ మీదికి ఫోన్లు పట్టుకెళ్లాం. స్విచ్ బోర్డు దగ్గర ఫోన్లు చీరల కొట్టు ముందు చెప్పుల్లా పేరుకున్నాయి. ఆ రోజు ఆ బ్యాటరీ ఖరీదు ఎంతని అడిగితే ఏం చెప్తారు?

బ్రాడీపేట_మాస్టారు
బాబు చెప్పింది నిజమే. మరి ఆ బ్యాటరీ ఏ అంతస్తులో ఉంది నాయనా?

సింగ్‌నగర్_బాబు
మొదటి అంతస్తులో మాస్టారూ. కింద పార్కింగ్‌లో పెట్టినవాళ్లవి ఒక్కటీ మిగల్లేదు. ఇన్వర్టర్లు, బ్యాటరీలు, స్కూటర్లు అన్నీ బురదే.

లెక్కల_సుబ్బు
బాబు గారూ, మీకు బ్యాటరీ కావాలి, కాదనను. మీది ముంపు ప్రాంతం. శ్రీను గారిది కొరిటెపాడు, గంటసేపు కరెంటు పోయే ఇల్లు. ఉన్న ట్యూబులర్ ఆ గంటకి చాలదా?

కరెంటోడు_పటమట
150 ఏహెచ్ ఇంటూ 12 ఓల్టులు అంటే 1.8 యూనిట్లు. పూర్తిగా పిండకూడదు, సగం వాడితేనే బ్యాటరీ నాలుగు కాలాలు ఉంటుంది. ఆ సగంతో 3 ఫ్యాన్లు, 5 లైట్లు, వైఫై మూడు గంటలు హాయిగా. ఏసీ మాత్రం కాదు.

సుబ్బు గారి మాటకి నాదొకటి. నెట్ మీటర్ ఉన్నవాడికి గ్రిడ్డే బ్యాటరీ. పగలు పోసిన యూనిట్లు రాత్రి తీసుకుంటాడు. బిల్లు తగ్గించడానికి బ్యాటరీ అక్కర్లేదు. కరెంటు పోయినప్పుడు వాడుకోడానికే బ్యాటరీ. ఈ రెండు పనుల్ని కలిపి అమ్మేవాళ్లు మా లైన్‌లో చాలామందే ఉన్నారు, నేనూ చూస్తున్నా.

ఏసీలేందేనేనులేను
ఒక్క నిమిషం. ఉత్త సోలార్ పెట్టించుకుంటే పగలు కరెంటు పోయినా ఇంట్లో కరెంటు ఉంటుంది కదా? డాబా మీద ఎండ ఉంటుందిగా?

లక్ష్మీపురం_అక్క
ఉండదు తమ్ముడూ! నేనూ అలాగే అనుకుని మోసపోయా. మే నెల, మిట్టమధ్యాహ్నం, బయట రోడ్డు మీద తారు కరిగే ఎండ, డాబా మీద 3 కిలోవాట్లు. కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది. మా అత్తగారు విసనకర్ర విసురుకుంటూ పైకి చూసి "అవేం చేస్తున్నాయే అక్కడ, కునుకు తీస్తున్నాయా" అంది. పెట్టేటప్పుడు ఆ ఇన్‌స్టాలర్ ఈ ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదు.

కరెంటోడు_పటమట
బ్యాటరీ లేకుండా లైనుకి కలిపే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్లన్నీ అంతే, గ్రిడ్ పోతే ఆగిపోవాలి. ఆగకపోతే మీ డాబా మీది కరెంటు లైన్‌లోకి వెళ్తుంది, స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం మీదికొస్తుంది. అది లోపం కాదు, రూలు. పగలు కూడా కరెంటు ఆగకూడదంటే హైబ్రిడ్, దాంతో బ్యాటరీ కావాల్సిందే.

ఏసీలేందేనేనులేను
అయితే నాకు హైబ్రిడ్డే. 10 కేడబ్ల్యూ బ్యాటరీ ఉంటే రాత్రంతా ఏసీ తిరుగుతుందిగా?

కరెంటోడు_పటమట
10 కేడబ్ల్యూ, అంటే కిలోవాట్లు, అని రాస్తే బ్యాటరీలో ఎంత పడుతుందో తెలీదండీ. బ్యాటరీని కిలోవాట్ అవర్‌లో కొలుస్తారు, అంటే యూనిట్లలో. పాలు ఎన్ని లీటర్లని అడిగితే గిన్నె మూతి ఇంత వెడల్పు అని చెప్పినట్టుంది. శ్రీను గారూ, ఓల్టులెన్ని, ఏహెచ్ ఎంత, డబ్బాలెన్ని, ఈ మూడూ అడగండి. ఓల్టులు ఇంటూ ఏహెచ్ బై వెయ్యి, అన్ని యూనిట్లు పడుతుంది.

కొరిటెపాడు_శ్రీను
అడిగా. డేటాషీట్ పంపాడు. 51.2 ఓల్టులు, 100 ఏహెచ్. ఒక్కటే డబ్బా.

కరెంటోడు_పటమట
5.12 యూనిట్లు.

బందరురోడ్_బుజ్జి
సగం బ్యాటరీ టీలో కలిపి తాగేశాడు.

కొరిటెపాడు_శ్రీను
అదేంటయ్యా, నువ్వు 10 అన్నావు కదా అంటే "రెండోది తర్వాత యాడ్ చేసుకోవచ్చు సార్, అందుకే 10 అని వేశాం" అన్నాడు. ఎదురుగా ఉంటే ఏమనేవాణ్ణో. ఫోన్‌లో కాబట్టి "ఓహో" అన్నా.

ఏసీలేందేనేనులేను
5 యూనిట్లకి ఏసీ ఎంతసేపు?

కరెంటోడు_పటమట
టన్నున్నర ఏసీ గట్టిగా లాగుతున్నప్పుడు గంటకి యూనిట్టున్నర. బ్యాటరీని అడుగంటా వాడం. మూడు గంటలు అనుకోండి. గది చల్లబడ్డాక ఇన్వర్టర్ ఏసీ నెమ్మదిస్తుంది, అప్పుడు ఇంకాస్త వస్తుంది.

లిథియంలో ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమే తీసుకోండి. మంచివాటికి 6,000 సైకిళ్లు అని రాస్తారు, ఒకసారి నింపి వాడితే ఒక సైకిల్. మెట్ల గదిలో రేకు కింద మాత్రం పెట్టకండి. మే నెలలో అక్కడ పొయ్యి మీద పెట్టినట్టే, వేడెక్కితే దాని లోపలి బోర్డే ఛార్జింగ్ ఆపేస్తుంది. ఇంట్లో, గాలి ఆడే చోట, నేలకి ఎత్తుగా.

పోరంకి_ప్రసాద్
హైబ్రిడ్ ఉన్నవాణ్ణి, నా ముచ్చట వినండి. 5 కిలోవాట్ ఇన్వర్టర్, బోరు మోటారు 1 హెచ్‌పీ, అంటే 746 వాట్లేగా అని దాన్నీ బ్యాకప్ లైన్‌లో కలిపించా. మొదటిసారి కరెంటు పోయినప్పుడు మా అబ్బాయి మోటార్ స్విచ్ వేశాడు. "టక్" మని ఒక చప్పుడు, ఇల్లంతా చీకటి. ఏసీ అప్పటికే తిరుగుతోంది, మోటారేమో లేచేటప్పుడు నాలుగైదు రెట్లు లాగుతుంది. రెండూ కలిసి మీద పడేసరికి ఇన్వర్టర్ చేతులెత్తేసింది. మళ్లీ వేశాడు, మళ్లీ టక్. పక్కింటి పాత ఇన్వర్టర్‌లో ఫ్యాన్లు నిమ్మళంగా తిరుగుతున్నాయి, మేం కొవ్వొత్తి వెతుక్కుంటున్నాం. ఇప్పుడు మోటారు విడిగా గ్రిడ్ లైన్ మీదే ఉంది.

లక్ష్మీపురం_అక్క
శ్రీను, ఆ 13.8 శాతం ఏంటి? పాత కొటేషన్ కాపీ కొట్టినట్టున్నాడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గింది. ఇలాంటి పనుల్లో బిల్లులో 70 శాతాన్ని సామానుగా, 30 శాతాన్ని సర్వీసుగా లెక్కేస్తారు, సర్వీసుకి 18. కలిపితే ఇప్పుడు 8.9. బ్యాటరీ పక్కన పెట్టి ప్యానెళ్లు, ఇన్వర్టర్ వరకే చూసినా ఓ 15 వేలు తేడా. అతను శుక్రవారం తగ్గిస్తానన్న 10 వేలు నీదే.

కొరిటెపాడు_శ్రీను
అక్కా, దండం.

బ్రాడీపేట_మాస్టారు
నా వంతుగా నాలుగు మాటలు. నేను 6 ప్యానెళ్లు పెట్టించి రెండేళ్లు దాటింది.

కొటేషన్‌లో ఉన్నవాటికంటే లేనివాటిని చూడండి. ఇందులో డీసీఆర్ అన్న మాటే లేదు. సెల్లూ, ప్యానెలూ రెండూ మన దేశంలో తయారైతేనే సబ్సిడీ. డీసీఆర్ కానివి చవగ్గా దొరుకుతాయి, అవి బిగించి వెళ్లిపోతే మీ 78 వేలు గోవిందా. హైదరాబాద్ ప్రీమియర్ ఎనర్జీస్ లాంటి కంపెనీలవాళ్లు సెల్లు కూడా ఇక్కడే చేస్తున్నారు. ఏ కంపెనీ అయినా సరే, పేరు, మోడల్ కాగితం మీద రాయించండి. ప్యానెల్ వెనక సీరియల్ నంబరుంటుంది, డీసీఆర్ పోర్టల్‌లో కొట్టి చూసుకోవచ్చు. నేను బిగించకముందే ఆరింటి నంబర్లూ రాసుకున్నాను. ఆ కుర్రాళ్లు నన్ను పోలీసుని చూసినట్టు చూశారు.

"వారంటీ 25 ఏళ్లు" అన్నది ప్యానెల్ ఉత్పత్తికి మాత్రమే. ప్యానెల్ తయారీలో లోపాలకి సాధారణంగా 12 ఏళ్లు, ఇన్వర్టర్‌కి 5 నుంచి 10. బ్యాటరీది వేరు. నాలుగింటికీ నాలుగు వరుసలు ఉండాలి.

ఎర్తింగ్ ప్రస్తావన లేదు. ప్యానెళ్ల వైపు డీసీ కరెంటుకి, ఇంటి వైపు ఏసీ కరెంటుకి, పిడుగు కడ్డీకి విడివిడిగా మూడు గుంటలు తవ్వాలి.

స్ట్రక్చర్ ఏ ఇనుమో రాయలేదు. మాకు ముందు తెచ్చింది మామూలు ఇనుముకి వెండి రంగు పూసినది. గోరుతో గీరితే రంగు లేచింది. వెనక్కి పంపి, వేడి జింకులో ముంచిన జీఐ తెప్పించాను. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు రాత్రంతా పడుకోకుండా డాబా వైపే చెవి పెట్టుకుని కూర్చున్నా. ఒక్క బోల్టు కదల్లేదు.

మిర్చియార్డ్_మస్తాన్
మాస్టారూ, మా తోడల్లుడిది రంగు పూసిన సరుకే. అదే గాలికి రెండు ప్యానెళ్లు లేచి పక్కింటి కొబ్బరిచెట్టుకి తగులుకున్నాయి. బిగించినతని ఫోన్ ఆ రోజు నుంచీ స్విచాఫ్.

బందరురోడ్_బుజ్జి
కొబ్బరిచెట్టుకి సోలార్ పెట్టిన మొదటి కుటుంబం.

ఆవకాయ_ఆంటీ
అందరూ కరెంటు గురించే మాట్లాడుతున్నారు. డాబా అంతా ప్యానెళ్లు పరిస్తే మాగాయ ముక్కలు ఎక్కడ ఎండబెట్టాలి? వడియాలెక్కడ? మా ఇంట్లో నడుం ఎత్తులో పెట్టిపోయారు. కింద తుడవాలంటే పాకాలి. బట్టల తాడు కూడా తీసేశాం.

కొరిటెపాడు_శ్రీను
ఆంటీ, మా అమ్మ కూడా పొద్దున్నుంచి అదే పోరు.

కరెంటోడు_పటమట
కిలోవాట్‌కి ఓ 100 చదరపు అడుగులు కావాలి. ముందు వైపు 7, వెనక 8 అడుగుల ఎత్తు కాళ్లు వేయించుకుంటే కింద మనుషులు తిరగొచ్చు. ఇనుము ఎక్కువ పడుతుంది కాబట్టి రేటు పెరుగుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ కూడా ఎక్కువే, కాళ్లు ఉత్త స్లాబ్ మీద కాకుండా బీముల మీదికి రావాలి. వాటర్ ట్యాంక్ నీడ మాత్రం ప్యానెల్ మీద పడనీకండి. ఒక మూల నీడ పడినా ఆ వరుస మొత్తం కుంటుతుంది. ముఖం దక్షిణానికి, వాలు 15 డిగ్రీల దగ్గర.

ఏసీలేందేనేనులేను
మన ఎండకి ప్యానెళ్లు దుమ్ములేపుతాయి కదా, మేలో డబుల్ వస్తుందా?

లెక్కల_సుబ్బు
రివర్స్. ప్యానెల్‌కి వెలుతురు కావాలి, వేడి పనికిరాదు. దాని మీద రాసే 550 వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మేలో ప్యానెల్ 65 దాకా కాలుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 40 డిగ్రీలకి 14 శాతం కోత. టాప్‌కాన్ రకమైతే 0.3 దగ్గర, కొంచెం నయం.

బందరురోడ్_బుజ్జి
గుంటూరులో 25 డిగ్రీలు ఏసీ రిమోట్ మీద తప్ప ఎక్కడ కనపడింది సుబ్బు గారూ.

పోరంకి_ప్రసాద్
కడగడం గురించి కూడా రాస్కోండి. బోరు నీళ్లతో కడిగితే ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, మళ్లీ గీకినా పోదు. తెల్లారకముందే మున్సిపాలిటీ నీళ్లు, మెత్తటి గుడ్డ. ఎండలో కాలిన అద్దం మీద చన్నీళ్లు పోయకండి.

లక్ష్మీపురం_అక్క
ఇంకోటి. కరెంటు మీటర్ ఎవరి పేరు మీదుంది శ్రీనూ?

కొరిటెపాడు_శ్రీను
నాన్న పేరు మీద. ఆయన పోయి 6 ఏళ్లయింది.

లక్ష్మీపురం_అక్క
ఆగు ఆగు. ముందు ఆ పేరు మార్పించు, తర్వాతే సూర్యఘర్ పోర్టల్‌లో అప్లై చెయ్యి. సర్వీసు పేరు, దరఖాస్తు పేరు, సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా పేరు కలవాలి. మా మరిది ప్యానెళ్లన్నీ బిగించుకుని 5 నెలలు సీపీడీసీఎల్ కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగాడు. నెట్ మీటర్ లేకుండా ఆన్ చేయకూడదు, కాబట్టి ఆ 5 నెలలూ అవి డాబాకి గొడుగే.

సబ్సిడీ నేరుగా నీ ఖాతాలోనే పడుతుంది. అతను 5,07,000 అని రాసినా ముందు నువ్వు కట్టేది 5,85,000. ఆ 70 శాతం అడ్వాన్స్ మాట వినొద్దు. సంతకానికి 20, సామాను దిగాక 60, నెట్ మీటర్ తిరిగాక మిగతా 20. ఆ చివరి 20 నీ చేతిలో ఉంటేనే అతను ఫోన్ ఎత్తుతాడు.

సింగ్‌నగర్_బాబు
నేనింకా బ్యాటరీ మాట మీదే ఉన్నా, ఏమనుకోకండి. ఇప్పుడు వద్దంటే వద్దు, కనీసం హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకుంటే రేపు బ్యాటరీ తగిలించుకోవచ్చుగా?

కరెంటోడు_పటమట
పెట్టుకోవచ్చు. ఆన్‌గ్రిడ్‌కీ దానికీ ధర ఇంచుమించు రెట్టింపు. రెండేళ్లలో తగిలించే ఉద్దేశం ఉంటే సరే. ఎప్పుడో చూద్దాంలే అనుకునేవాళ్లకి దండగ, అప్పటికి వచ్చే బ్యాటరీ ఈ ఇన్వర్టర్‌తో మాట్లాడుతుందో లేదో కూడా చూడాలి.

సింగ్‌నగర్_బాబు
మా ఇంటికి మాత్రం నేను బ్యాటరీతోనే చేయిస్తున్నా. రెండో అంతస్తులో. సుబ్బు గారు లెక్క చూపించినా సరే.

లెక్కల_సుబ్బు
మీ ఇంటికి లెక్క వేయను బాబు గారూ. నిజంగా.

కొరిటెపాడు_శ్రీను
వారం తర్వాత వస్తున్నా. శుక్రవారం దాటిపోయింది, ఆఫర్ మాత్రం దాటలేదు, శనివారం ఉదయం 15 వేలు తగ్గిస్తామని మళ్లీ ఫోన్. వద్దన్నా.

ఇంకో ఇద్దర్ని పిలిచా. ఒకాయన మెట్లెక్కుతూనే 12 నెలల బిల్లులు అడిగాడు, ఆయనకే మొగ్గు. 550 వాట్ల డీసీఆర్ 6, ఆన్‌గ్రిడ్, జీఐ స్ట్రక్చర్ 8 అడుగులు, మూడు ఎర్తింగులు, 8.9 శాతం జీఎస్టీతో 2,18,000. ఎత్తు కాళ్ల వల్ల 13 వేలు ఎక్కువట. పాత ఇన్వర్టర్ ఉన్నచోటే ఉంటుంది. పేరు మార్పుకి నిన్న అప్లై చేశా, అది అయ్యాకే అడ్వాన్స్ అన్నా, ఒప్పుకున్నాడు. మా ఆవిడ కాగితం రెండుసార్లు చదివి "ఇది వడ్డీ కంటే నయమే" అంది.

నిన్న సాయంత్రం అమ్మ డాబా ఎక్కి, దులుపుకర్ర నిలబెట్టి, 8 అడుగులంటే ఇంతేనా అని చెయ్యి పైకి చాచి చూసుకుంది. తర్వాత "అంతా బానే ఉంది, వడియాలకి ఎండెటు నుంచి వస్తుంది" అంది. ఇన్‌స్టాలర్ డ్రాయింగ్ మడత పెట్టి, రేపు మళ్లీ వస్తానని వెళ్లాడు.

ఆవకాయ_ఆంటీ
పడమటి పిట్టగోడ వెంట ఒక మంచమంత జాగా వదలమని చెప్పు బాబూ. మధ్యాహ్నం ఎండంతా అటే.